చెవితో తీసే ఫొటో

అమెరికాలోని కొలరాడో కొండల్లో, టెల్యురైడ్ అనే చిన్న ఊళ్లో, 1974లో మొదలైన బ్లూగ్రాస్ (తీగవాద్యాలతో సాగే అమెరికా జానపద బాణీ) సంగీతోత్సవం జూన్‌లో ఆరుబయట జరుగుతుంది. డెన్వర్‌లో నేను పనిచేసే ఆఫీసు నన్ను అక్కడికి ఫొటోలు తీయడానికి పంపినప్పుడు, సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద నేర్చిన పనే అక్కరకొచ్చింది.

ఆ ఊరు సముద్రమట్టానికి 8,750 అడుగుల ఎత్తున, మూడు దిక్కులా నిటారు కొండల మధ్య ఉంటుంది. గాలి పలచన కావడంతో మధ్యాహ్నపు ఎండ మరీ తీక్షణంగా పడి, టోపీ అంచు కింద గాయకుడి ముఖం నల్లబడుతుంది, బ్యాంజో అనే తీగవాద్యం మీద డప్పుకు లాగా బిగించిన తెల్లటి పొర మాత్రం వెలుగులో పూర్తిగా తేలిపోతుంది. నేను ఆ తెలుపు నిలిచేలా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) పెట్టి, నీడపడ్డ ముఖాలను తర్వాత కంప్యూటర్‌లో వెలుగులోకి తెచ్చుకుంటాను. మధ్యాహ్నం దాటాక ఏ క్షణాన వాన పడుతుందో తెలియదు కనుక కెమెరాకు తొడుగు చేతికందేలా ఉండాలి.

నల్లగొండలో స్టూడియో నడిపే తమ్ముడు ఈ ఫొటోలు చూసి, "అన్నా, గింత మంది వాయిస్తుండ్రు గని డప్పేది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. సంప్రదాయ బ్లూగ్రాస్‌లో డ్రమ్ములుండవు. మాండొలిన్ వాద్యకారుడు తీగలను మీటిన వెంటనే వేళ్ల పట్టు సడలించి మోతను ఆపేస్తే వచ్చే పొడి శబ్దమే తాళం. పాతకాలపు పద్ధతి పాటించే బృందాల్లో అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడతారు. ఎవరి వంతు వస్తే వారు ముందుకు వంగుతారు, మిగతావారు భుజం తగలకుండా వెనక్కి జరుగుతారు. ఆ జరగడంలోనే ముఖాలన్నీ ఒక్క లిప్త విడివిడిగా కనిపిస్తాయి. పాట చరణం ఎక్కడ ముగుస్తుందో చెవికి ముందే అందకపోతే ఆ ఫొటో దొరకదు.

పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరలోనూ అంతే: భేరీ దరువు మారిందంటే గజ్జెల లాగు వేసుకున్న మనిషి ఎగరబోతున్నాడని అర్థం. అయితే అక్కడ ఫొటోగ్రాఫర్ గుంపులో ఒకడు, దుమ్ము అతని నోట్లోకీ పోతుంది. ఇక్కడి ఉత్సవాల్లో చాలాచోట్ల మొదటి మూడు పాటలే తీయనిస్తారు, ఫ్లాష్ వాడనివ్వరు. నాకైతే ఫ్లాష్ నిషేధం సబబుగానే తోస్తుంది.

ఆఫీసు ఎంచుకున్నవి మాత్రం వేదిక వెనుక కొండ శిఖరాలు కనిపించే దూరపు ఫొటోలే. క్యాలెండర్లకు అవి పనికొస్తాయి, కాదనను. కాని వాటిలోని మనుషులు పాడుతున్నారో, ఊరికే నిలబడ్డారో చెప్పడం కష్టం.