ఏ పద్దులో ఇవ్వాలి?

రిటైరై ఇంటి పట్టున ఉంటున్నా, ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తూనే ఉంటారు. పంచాయతీ కార్యదర్శిగా నేను చేసింది ఎక్కువగా జగిత్యాల, కరీంనగర్ వైపు పల్లెల్లో. 2025 డిసెంబర్ ఎన్నికల తర్వాత కొత్త సర్పంచులు కూర్చున్నప్పటి నుంచి ఈ రాకపోకలు మరీ పెరిగాయి. యువజన సంఘం పిల్లలైనా, మహిళా సంఘం అక్కలైనా అడిగేది ఒకటే. "సారూ, పంచాయతీకి లక్షలు వస్తున్నయంట గదా, మా సంఘానికేమన్న ఇస్తరా?"

లక్షలు రావడం నిజమే. ఇచ్చే దారులూ ఉన్నాయి. కాకపోతే కార్యదర్శి కుర్చీలో కూర్చున్నవాడి బుర్రలో మొదట తిరిగే ప్రశ్న వేరే: ఏ పద్దులో ఇవ్వాలి?

పంచాయతీ ఖాతాలో పడే ప్రతి రూపాయికీ ఒక పేరు ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన మొత్తం 2,36,805 కోట్లు. వినడానికి కళ్లు తిరిగే అంకె. అది జిల్లా, మండలం, గ్రామం అని పంచుకుంటూ ఊరి దాకా వచ్చేసరికి నూటికి అరవై రూపాయలకు ముందే ముడి పడి ఉండేది. అందులో సగం పారిశుద్ధ్యానికి, మిగతా సగం తాగునీటికి, వాన నీటి సంరక్షణకు. ఆఫీసు భాషలో దీన్ని టైడ్ గ్రాంటు అంటాం. మిగిలిన నలభై అన్‌టైడ్. ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకునే వీలుండేది, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప. ఈ లెక్కంతా ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ ఊరి పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా మొత్తం చూసి వచ్చి గొడవ పెట్టుకుంటారు గానీ పద్దు చూడరు.

ఆ నలభై రూపాయలైనా చేతిలో ఆడేవా అంటే అదీ లేదు. 2019లో తెలంగాణలో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక మా దగ్గర ప్రతి గ్రామ పంచాయతీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనుక్కుంది. చాలా ఊళ్లు బ్యాంకు అప్పుతోనే కొన్నాయి. కిస్తీలు, డీజిల్, వీధి దీపాల కరెంటు బిల్లు. పెద్ద ఊరు తట్టుకుంటుంది. కొత్తగా పంచాయతీ అయిన తండాకు నెల తిరిగేసరికి గుండె దడ. అక్కడి కార్యదర్శి దగ్గరికి పోయి క్రికెట్ కిట్టు అడిగితే ఆయన ఏం చెప్తాడు?

అయినా సంఘాలకు పంచాయతీ డబ్బు అందిన సందర్భాలు నేను చూశాను. చందాలాగా ఎక్కడా అందలేదు. పనిలాగా అందింది.

ఒక ఊళ్లో గ్రామైక్య సంఘానికి, అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘానికి, కూర్చోవడానికి జాగా లేదు. బడి వరండాలో మీటింగు పెట్టుకునేవాళ్లు. సంఘం రికార్డులు పెట్టుకునే రేకు పెట్టె అధ్యక్షురాలి ఇంట్లో ఉండేది. ఆమె అత్త దాని మీద బియ్యం బస్తా పెట్టేది. మినిట్స్ పుస్తకం కావాలంటే ముందు బస్తా దింపాలి, దింపాలంటే అత్తను బతిమాలాలి. ఒకరోజు వాళ్లంతా కలిసి వచ్చి గది కట్టించమన్నారు. ఇంజనీరు నోటి లెక్క చెప్పగానే సర్పంచి నా ముఖం చూశాడు, నేను క్యాష్ బుక్ చూశాను. అన్‌టైడ్‌లో ఆ సంవత్సరం మిగిలింది ఆ గదికి పునాది వేయడానికి కూడా చాలదు.

పారిశుద్ధ్యం పద్దులో మాత్రం డబ్బు ఉంది. ఊరి బయట డంపింగ్ యార్డు దగ్గర ఉపాధి హామీలో కట్టిన చెత్త వేరుచేసే షెడ్డు ఉంది. కంపోస్టు తొట్లు కూడా ఉన్నాయి. వాటిలో మేకలు పడుకునేవి. షెడ్డుకు జాలీ, తొట్లకు నీళ్ల పైపు, తలుపు బాగుచేయడం టైడ్ గ్రాంటులో పెట్టి, వర్మీకంపోస్టు తయారీ సంఘానికి అప్పగిద్దామని తీర్మానం రాశాం. మీటింగులో చదివి వినిపిస్తే ఒకామె లేచింది. "గది అడిగితే చెత్త కాడ కూసోబెడుతున్నరా సారూ?" నా దగ్గర జవాబు లేదు. అధ్యక్షురాలే అందుకుంది. "కూసుంటే ఏమైతది? ఎరువు బస్తా ఎంతకు అమ్ముతరో మీ ఆయన్ను అడుగు పో."

నలుగురు ముందుకొచ్చారు. ఇళ్ల నుంచి పేడ తెచ్చుకున్నారు, తడి చెత్త పంచాయతీ ట్రాక్టర్ తెచ్చి పోసేది. మొదటి తొట్టి ఎక్కువ నీళ్లు పోసి కుళ్లబెట్టారు. రెండోది బాగా వచ్చింది. జల్లెడ పట్టిన ఎరువును అరచేతిలో పోసి చూపించింది ఒకామె. కాఫీ పొడిలా ఉంది, వాసన లేదు. మా వైపు మామిడి తోటలు, పసుపు చేలు ఎక్కువ కాబట్టి గిరాకీకి లోటు లేదు. పైగా పంచాయతీ నర్సరీకే ఎరువు కావాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. లేకపోతే సర్పంచికీ నాకూ ఇద్దరికీ తిప్పలే. ఆ పద్దులో మొక్కల సంచులకు ఎరువు సంఘం దగ్గరే కొన్నాం. ఆ డబ్బుతో వాళ్లు గ్రామ చావడి పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నారు. రేకు పెట్టె అక్కడికి మారింది.

ఆ తర్వాత ఆడిట్‌లో "కొటేషన్లు ఏవి?" అని అభ్యంతరం రానే వచ్చింది. మూడు కొటేషన్లూ ఫైల్లోనే ఉన్నాయి, చూపించాం. ఊరివాళ్లకు ఇలాంటివి తెలియవు. తెలిస్తే కార్యదర్శిని "ప్రతిదానికీ కాగితం అడుగుతడు" అని తిట్టరు. సరే, కొందరు తిడతారు.

ఆ ఎరువు పని ఇప్పుడు అంత జోరుగా లేదు. ట్రాక్టర్ డ్రైవర్ మారాక తడి, పొడి కలిపి పోయడం మొదలైంది. ఎరువులో షాంపూ ప్యాకెట్ల ముక్కలు వస్తున్నాయని రైతులు వెనక్కిచ్చారు. షెడ్డుకు గ్రాంటు వచ్చింది. చెత్త వేరుచేసే అలవాటుకు రాలేదు.

ఈ గ్రాంట్ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. కట్టడానికి పద్దు ఉంటుంది, నడపడానికి ఉండదు. ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులు చూశారు కదా. స్తంభాలు పాతారు, లాంగ్‌జంప్ గుంత తవ్వి ఇసుక పోశారు. బాల్ కొనేదెవరు, గడ్డి పీకేదెవరు, సాయంత్రం లైటు వేసేదెవరు? యువజన సంఘం గట్టిగా ఉన్న ఊళ్లో పిల్లలు ఆడుతున్నారు. లేనిచోట గేదెలు కట్టేశారు. పనికి సంఘం అవసరం. ఆ సంఘం నిలబడడానికి కావలసింది ఏడాదికి కొన్ని వేలు మాత్రమే. ఆ కొన్ని వేలకే దారి దొరకదు, లక్షలకు దొరుకుతుంది.

శిక్షణ పేరుతో ఒకసారి కేరళ తీసుకెళ్లారు మమ్మల్ని. అక్కడ స్థానిక సంస్థల ప్రణాళికా నిధుల్లో పది శాతం మహిళల కోసమే పెట్టాలి. కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల గుంపులు పొలం కౌలుకు తీసుకుని సాగు చేస్తే పంచాయతీ సాయం చేస్తుంది. వాళ్ల వార్డు మెంబరు ఒకావిడ మాకు ఆ లెక్కలన్నీ కాగితం చూడకుండా చెప్పింది. మావాళ్లలో ఒకాయన నా చెవిలో, "మన దగ్గర మెంబరుకు మీటింగు ఎప్పుడో కూడా చెప్పరు గదా అన్నా" అన్నాడు.

మన దగ్గర తలుపు లేదనడం కూడా తప్పే. గ్రామైక్య సంఘాలు ఏటా గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక తయారు చేస్తాయి. పింఛను రాని ముసలమ్మ మొదలుకొని పాలకేంద్రం దాకా ఊరికి ఏం కావాలో అందులో రాస్తారు. దాన్ని గ్రామసభలో పెట్టి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, అంటే మేము జీపీడీపీ అనేదానిలో, కలపాలి. అక్కడ ఎక్కితేనే ఆ పని ఈ-గ్రామస్వరాజ్‌లోకి వెళ్తుంది, అక్కడ ఉంటేనే బిల్లు. చాలా ఊళ్లలో సంఘం లెక్కలు రాసే వీవోఏ ఆ ప్రణాళికను ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కిస్తుంది, కార్యదర్శి తన ప్రణాళికను కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు, రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. ఎవరి టార్గెట్ వాళ్లకు పూర్తయిపోతుంది. సంఘం వాళ్లు చేయాల్సింది ఒకటే. ప్రణాళిక రాసే నెలలో, సాధారణంగా అక్టోబర్ 2 తర్వాత, గ్రామసభకు కదిలి వెళ్లి తమ కాగితాన్ని పైకి చదివించి తీర్మానంలో రాయించుకోవాలి. మార్చిలో వచ్చి అడిగితే ఏ కార్యదర్శీ ఏమీ చేయలేడు.

ఇంకో సంగతి. గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు పంచాయతీలో కో-ఆప్షన్ సభ్యురాలిగా ఉండొచ్చు. ఓటు లేదు గానీ కుర్చీ ఉంది, మాట్లాడే హక్కుంది. ఆ కుర్చీలో ఊరికే కూర్చుని టీ తాగి వచ్చేవాళ్లనూ చూశాను, సర్పంచితో ఉప సర్పంచిని మాట్లాడించి బిల్లు కదిలించినవాళ్లనూ చూశాను. ఈ రెండోది చిన్న విషయమేం కాదు. మన చట్టంలో చెక్‌పవర్, అంటే చెక్కు మీద సంతకం పెట్టే అధికారం, సర్పంచికీ ఉప సర్పంచికీ కలిపి ఇచ్చారు. వాళ్లిద్దరికీ పడకపోతే ఊరంతా ఆగుతుంది.

ఎన్నికైన పాలకవర్గం లేకపోయినా అంతే. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులతో నడిపారు. పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్రం గ్రాంటు ఇవ్వదు, అది షరతు. ఆ రెండేళ్లలో కార్యదర్శులు సొంత జేబులోంచి డీజిల్ పోయించారు. అంతకుముందు అప్పులు తెచ్చి పనులు చేసిన సర్పంచులు దిగిపోయాక కూడా బిల్లుల కోసం ధర్నాలు చేశారు. అలాంటప్పుడు సంఘం కాగితం ఫైల్లో అడుక్కి పోకుండా ఎలా ఉంటుంది?

ఈ ముళ్లేవీ లేని డబ్బు ఒక్కటే ఉంది పంచాయతీ దగ్గర. ఇంటి పన్ను. మన ఊళ్లో వసూలై మన ఊళ్లోనే ఉండే సొమ్ము అది. బడ్జెట్‌లో పెట్టుకుని పంచాయతీ చేయదగ్గ ఏ పనికైనా ఖర్చు చేయొచ్చు. మొన్న నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్ల సంగతి అందుకే చెప్తున్నాను. పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. పాత పంచాయతీ గది తాళం తీసి ఇస్తే చదువుకునే గది చేసుకుంటామని, రెండు పేపర్లు, నెలకో కరెంట్ అఫైర్స్ పత్రిక తెప్పించమని అర్జీ రాసుకొచ్చారు. బాగా రాశారు. గ్రంథాలయాలు రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లోని 29 అంశాల్లో ఒకటని కూడా చదివి రాశారు.

ఇంటి పన్ను రసీదు చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. మా రసీదు తెచ్చి చూపించాను. పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అది పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. చాలాచోట్ల కట్టకుండా వాడేసుకుంటారు, అది వేరే భాగోతం. పిల్లల ముఖాలు వెలిగాయి. ఆ ఎనిమిది పైసలే తమకు ఇచ్చేయమంటారేమోనని, అది మీది కాదు, జిల్లాది అని ముందే చెప్పాను. మీరు అడగాల్సింది మిగతా రూపాయిలోంచి. ఆ రూపాయి వసూలైతే కదా అడగడం. బకాయిల జాబితా పంచాయతీ గోడకు అంటించి ఉంది, పోయి చూడండన్నాను.

చూసి వచ్చారు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లలో సగం మంది ఇళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఒకడు నవ్వాడు, ఇంకొకడు "మా బాపు కట్టడు సారూ, రోడ్డు ఎయ్యలేదని" అన్నాడు. వాళ్ల బాపు నాకు తెలుసు, నిజంగానే కట్టడు. కానీ తక్కినవాళ్లు ఇళ్లలో పోరి కట్టించారు. సెలవు రోజుల్లో రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే బిల్ కలెక్టర్ వెంట ఇద్దరు తిరిగారు కూడా. తర్వాతి పంచాయతీ సమావేశంలో అర్జీ పెట్టారు. సర్పంచి కొత్తవాడు, కార్యదర్శి అమ్మాయి అంతకన్నా చిన్నది. ఇద్దరూ నాకు ఫోన్ చేశారు, ఇందులో ఏమన్నా తప్పు పడతారా అని. తీర్మానంలో "చదువు గదికి దినపత్రికలు, మాసపత్రిక, సాధారణ నిధి నుంచి" అని పద్దుతో సహా రాయించుకోమన్నాను, ఇంటి పన్ను పడేది ఆ నిధిలోనే. పేపర్ ఏజెంటు దగ్గర నెలనెలా రసీదు తీసుకోమన్నాను.

పేపర్లు వస్తున్నాయి. ఫ్యాను మాత్రం రాలేదు, అది వైరింగుతో పాటు వచ్చే ఏడాది ప్రణాళికలో పెట్టారు. అక్టోబర్‌లో గ్రామసభకు ఎంతమందిని తీసుకెళ్తారో చూడాలి.