తిరిగివచ్చిన ఆహ్వానాలు: నా అనుభవం

మా కళాశాల పూర్వ విద్యార్థుల సంఘంలో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే బాధ్యత నాది. 2024 జూలైలో మాకు గణితం చెప్పిన మాస్టారు కన్నుమూశారు. సంస్మరణ సభ ఆహ్వానాన్ని మా జాబితాలో ఉన్న 6,200 చిరునామాలకు ఒక ఆదివారం ఉదయం ఒకేసారి పంపాను. గంట తిరక్కముందే మా ఇన్‌బాక్స్ ఉత్తరం అందలేదని చెప్పే తిరుగుటపాలతో నిండిపోయింది. జాబితాలో సగానికి పైగా ఉన్న జీమెయిల్ చిరునామాలకు వెళ్లినవి దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి. సభ అయిన మర్నాడు డెబ్బై దాటిన సీనియర్ ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, మాస్టారి సభ ఉందని నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. అందుకే ఈ పనిని పూర్తిగా నేర్చుకోవాలనుకున్నాను. దానికి నాలుగు నెలలు పట్టింది.

అంతకుముందు సంఘం పేరిట ఉన్న మామూలు జీమెయిల్ ఖాతా నుంచే, రోజుకు 500 మందికి మించి పంపనివ్వదు కనుక, జాబితాను ముక్కలు చేసి పంపేవాళ్లం. సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో సంఘానికి సొంత పేరు) కొన్న తరువాత వెబ్‌సైట్ ఉన్న సర్వర్ నుంచే మెయిళ్లు కూడా పంపడం మొదలుపెట్టాం. ఆ మార్పుతో పాటు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయని మాకెవరికీ తెలియదు.

తిరుగుటపాను మొదట నేను సరిగ్గా చదవనే లేదు. స్పామ్ అనుకుని ఆపేసి ఉంటారని ఊహించి, శీర్షిక మార్చి, విరాళం మాట తీసేసి, ఫొటో తగ్గించి మళ్లీ పంపాను, అవీ తిరిగివచ్చాయి. అప్పుడు గానీ తిరుగుటపాలో 550 అనే తిరస్కరణ అంకె పక్కన ఉన్న 5.7.26 అనే అంకెను చూడలేదు. పంపినవారు ఎవరో ధ్రువీకరణ కాలేదని దాని అర్థం. మేము రాసిన మాటలతో ఆ తిరస్కరణకు సంబంధమే లేదు. ఐదుతో మొదలయ్యే అంకె శాశ్వత తిరస్కరణ, నాలుగుతో మొదలయ్యేది తాత్కాలికం అన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. తిరుగుటపా వచ్చినవారు ముందుగా ఆ అంకెను చదవాలని నా అభిప్రాయం.

ఈమెయిల్‌ను మోసే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. పోస్టుకార్డు మీద పంపినవారి స్థానంలో ఎవరి పేరైనా రాయగలిగినట్టే, అందులోనూ ఎవరి చిరునామానైనా పెట్టవచ్చు. ఆ లోటు పూడ్చడానికి తరువాత వచ్చినవే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మా డొమైన్ పేరిట ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. దారిలో ఎవరైనా ఉత్తరాన్ని మారిస్తే తెలిసిపోయేలా దాని మీద పెట్టే సంతకం డీకిమ్. ఈ రెండింటిలో కనీసం ఒకటి, పైకి కనబడే డొమైన్‌తో సరిపోలుతూ నెగ్గాలని, నెగ్గకపోతే ఏం చేయాలో అవతలి సర్వర్‌కు చెప్పేది డీమార్క్. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఈ మూడూ ఉండి తీరాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది, యాహూ కూడా అదే దారి పట్టింది. తక్కువ పంపేవారికి మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. మాకు ఆ ఒక్కటీ లేదు.

ఒక మెయిల్ సేవను కుదుర్చుకుని, వారిచ్చిన ఎస్‌పీఎఫ్ వరుసను మా డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలను ఇతర సర్వర్లు చూసుకునే పట్టికలో చేర్చాను. పరీక్షిస్తే మళ్లీ తప్పింది. వెబ్‌సైట్ సర్వర్ కోసం అంతకుముందు ఎవరో పెట్టి వదిలేసిన వరుస ఒకటి అక్కడే ఉంది, కానీ అది అసంపూర్తిగా ఉండి ఎన్నడూ పనిచేయలేదు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒకటే ఉండాలి. రెండుంటే ఏదీ చెల్లదు. రెండింటినీ కలిపి ఒకటిగా రాశాను. డీకిమ్ సంతకాన్ని అవతలివారు సరిచూసుకోవడానికి అక్కడే పెట్టే తాళం దగ్గర మరో చిక్కు వచ్చింది. 2048 బిట్ల తాళం పొడవుగా ఉంటుంది, డీఎన్ఎస్‌లో ఒక ముక్కలో 255 అక్షరాలకు మించి పట్టవు. దానిని రెండు ముక్కలుగా, వేర్వేరు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలని తెలిసేసరికి రెండు రాత్రులు గడిచాయి. డీమార్క్‌ను మాత్రం ఏదీ ఆపవద్దు, నివేదికలు మాత్రమే పంపండి అనే మెట్టు మీద ఉంచాను. ఆ నివేదికలు చాలా మేలు చేశాయి. మా కోశాధికారి గారు విరాళాల రసీదులు పంపే సాఫ్ట్‌వేర్ కూడా మా డొమైన్ పేరునే వాడుతోందని వాటి వల్లే బయటపడింది. తొందరపడి మొదటిరోజే కఠినమైన మెట్టు ఎక్కి ఉంటే దాతలకు రసీదులు అందేవి కావు.

అయినా అసలు జబ్బు మా జాబితాలోనే ఉంది. అందులో చాలా భాగం 2006 నాటి సమావేశంలో చేతితో రాసిన రిజిస్టరు నుంచి ఎక్కించినది. జీమెయిల్ అనే మాటలోనే అక్షరాలు తారుమారైన చిరునామాలు కనిపించాయి. ఏళ్లుగా ఎవరూ తెరవనివి లెక్కలేనన్ని ఉన్నాయి. అలా మూతపడిన ఖాతాలలో కొన్నిటిని స్పామర్లను పట్టుకునే ఉచ్చులుగా తిరిగి వాడుతుంటారు. వాటికి ఒక్క ఉత్తరం వెళ్లినా, అడగకుండా పంపేవారిగా మన మీద ముద్ర పడవచ్చు. పైగా మెయిల్ వద్దనుకున్నవారు ఏం చేయాలో మేము చెప్పిన దారి, "మాకు ఉత్తరం రాయండి" అన్న ఒక్క వాక్యం. అంత శ్రమ ఎవరు పడతారు? స్పామ్ బటన్ చేతికందే దూరంలో ఉంటుంది. ఫిర్యాదులు 0.10 శాతం లోపు ఉండాలని, 0.30 శాతాన్ని ఎప్పుడూ తాకకూడదని గూగుల్ చెబుతోంది. ఆరు వేల మందికి పంపినప్పుడు పద్దెనిమిది మంది ఆ బటన్ నొక్కితే చాలు, 0.30 శాతం అయిపోతుంది. మనసు నొచ్చుకోకుండా ఆ పద్దెనిమిది మందికీ బయటికి దారి చూపడం మా పని. అందుకని ఉత్తరం పైభాగంలోనే ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే ఏర్పాటు చేశాం. అలా కోరినవారి పేరు రెండు రోజులలోపు తీసేయాలన్న నియమాన్ని పాటిస్తున్నాం.

పాత చిరునామాలను ఒక్కసారిగా పారేయడానికి కమిటీలో చాలామంది ఒప్పుకోలేదు. ఒక్కొక్క బ్యాచ్‌కు ఒకరిని కుదిర్చి, వాట్సాప్ బృందాలలో, ఫోన్లలో అడిగించి, మెయిల్ కావాలన్నవారి పేర్లే కొత్త జాబితాలో చేర్చాం. 6,200 చిరునామాలు 2,900 అయ్యాయి. వాటికైనా ఒకేసారి పంపలేదు. మొదటి రోజు 150 మందికి, అదీ మాకు తరచూ జవాబులిచ్చేవారికి పంపి, తిరుగుటపాలు చూసుకుంటూ మూడు వారాలలో సంఖ్య పెంచాం.

నవంబరులో మాస్టారి పేరిట ఉపకార వేతనం ప్రకటించే ఉత్తరం 2,900 మందికీ వెళ్లింది. 31 తిరిగివచ్చాయి, ఆ సాయంత్రమే వాటిని జాబితా నుంచి తొలగించాను. ఆ సీనియర్ గారి చిరునామాను ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పించుకుని నేనే ఎక్కించాను. రాత్రి ఎనిమిది గంటలకు ఆయన దగ్గర నుంచి జవాబు వచ్చింది: "అందింది బాబూ. మొదటి ఏడాది వేతనంలో నా వంతు ఎంతో చెప్పు."