ఎన్ని గ్రాములు తింటున్నావని అడిగే పంపు

ఇన్సులిన్ పంపు పెట్టించుకున్నానని తెలియగానే మా అనంతపురం చుట్టాలందరూ అడిగేది ఒకటే: "అయితే ఇంక అన్నీ అదే చూసుకుంటుందా?" సగం చూసుకుంటుంది. మిగతా సగం నేను ఏం చెయ్యాలో చెప్తుంది, అదీ నేను దానికి నిజం చెప్తేనే. అమ్మేవాళ్లు ఈ రెండో సగం గురించి పెద్దగా మాట్లాడరు.

షుగర్ బయటపడేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం, రాత్రంతా బాత్రూంకి తిరగడం, ఏ డైటింగూ లేకుండానే చుడీదార్లు వదులైపోవడం. ఒక క్లినిక్‌లో చూపిస్తే టైప్ 2 అనుకుని మాత్రలు రాశారు. అన్నం తగ్గించి నడవమన్నారు. తగ్గించాను, నడిచాను, ఇంకా చిక్కిపోయాను. చివరికి వాంతులు పట్టుకుని, ఆయాసంతో ఎమర్జెన్సీలో చేరితే రక్తంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటే పుట్టే ఆమ్లాలు, విపరీతంగా ఉన్నాయన్నారు. ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ ఎంత చేస్తోందో చెప్పే సి-పెప్టైడ్, రోగనిరోధక వ్యవస్థ దాడిని పట్టిచ్చే జీఏడీ యాంటీబాడీ పరీక్షలు చేశాక తేలింది, నాది టైప్ 1 అని. మన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. పిల్లల జబ్బు అంటారు గానీ ఏ వయసులోనైనా రావచ్చు. సన్నగా ఉన్న మనిషి మాత్రలు వేసుకుంటూ కూడా చిక్కిపోతుంటే ఈ పరీక్షలు అడిగి చేయించుకోండి. నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదొక్కటే.

తర్వాత కొన్నేళ్లు ఇన్సులిన్ పెన్నుతోనే, అంటే పెన్నులాంటి ఇంజెక్షన్‌తోనే గడిచాయి. రాత్రికి రోజంతా నెమ్మదిగా పనిచేసే లాంగ్ యాక్టింగ్ డోసు ఒకటి, తిండికి ముందు మూడు. పగలు ఎలాగోలా నడిచేది. తంటా అంతా తెల్లవారుజామునే. పడుకునేటప్పుడు 130 ఉన్న షుగర్ లేచేసరికి 230 అయ్యేది. తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరిగి షుగర్‌ని పైకి నెడతాయట. పోనీ అని రాత్రి డోసు పెంచితే ఒంటిగంటకే డౌన్ అయిపోయేది. ఒకసారి వేసిన లాంగ్ యాక్టింగ్ డోసుకి ఒంటిగంట, నాలుగు గంటలు అన్న తేడా తెలియదు కదా. అమ్మ ఊరు వదిలి నా దగ్గరికి వచ్చేసింది. పీజీ ఖాళీ చేసి చిన్న ఇల్లు తీసుకున్నాం. రాత్రి అలారం పెట్టుకుని లేచి, నా మెడ కింద చెమట పట్టిందేమోనని తడిమి చూసేది.

పంపు ఆ ముడి విప్పింది. అరచేతిలో పట్టే పెట్టె, దాన్నుంచి సన్నటి ట్యూబు, పొట్ట మీద చర్మం కిందికి వెళ్లే మెత్తటి చిన్న గొట్టం, కాన్యులా. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చి ట్యూబు, కాన్యులా ఉండే కొత్త సెట్ పెట్టుకోవాలి. లోపల ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. అది రోజంతా చుక్కచుక్కగా పోతూ ఉంటుంది, దీన్నే బేసల్ అంటారు. గంటగంటకీ ఎంత పోవాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. డాక్టరుగారు నాకు పదకొండు నుంచి రెండు దాకా తగ్గించి, మూడు నుంచి పెంచారు. కొన్ని వారాలు అటూ ఇటూ సర్దాక పొద్దున లేచేసరికి 110, 120 చూడటం మొదలైంది. అమ్మ అలారం మానేసింది.

తిండి సంగతి వేరు. ప్రతిసారీ పంపు రెండు ప్రశ్నలు అడుగుతుంది: షుగర్ ఎంత, ఎన్ని గ్రాముల కార్బ్స్ (పిండి పదార్థాలు). ఒక మధ్యాహ్నం లెక్క చెప్తాను. షుగర్ 180. పళ్లెంలో 180 గ్రాముల అన్నం, అంటే 50 గ్రాముల కార్బ్స్. నాకు పది గ్రాములకి ఒక యూనిట్ కాబట్టి తిండికి 5. యూనిట్‌కి 40 పాయింట్లు దిగుతుంది కాబట్టి 180ని 120కి దించడానికి ఒకటిన్నర. మొత్తం ఆరున్నర. పంపు మాత్రం 5.5 చూపించింది. పదకొండింటికి తిన్నదానికి వేసుకున్న డోసులో ఒక యూనిట్ ఇంకా ఒంట్లో పనిచేస్తోందని దానికి గుర్తుంది. దీన్ని యాక్టివ్ ఇన్సులిన్ అంటారు. పెన్నుతో ఉన్న రోజుల్లో ఈ అంకె కంటికి కనిపించేది కాదు. డోసు మీద డోసు పడి, సాయంత్రం ఆఫీస్ క్యాబ్ సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుపోయినప్పుడు చేతులు వణికేవి. నన్నడిగితే పంపుకి పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఈ ఒక్క అంకెకే చెల్లు.

అయితే 50 గ్రాములని చెప్పాల్సింది నేనే కదా. వంటింట్లోకి తూకం మెషీన్ వచ్చిన రోజు అమ్మ, "ఏమే, అన్నమేమైనా బంగారమా తూకమెయ్యడానికి?" అంది. ఇప్పుడు తనే కంటితో చూసి చెప్పేస్తుంది, ఐదారు గ్రాములు తేడాగా. రాగి సంగటి మంచిదని ఎంత తిన్నా ఫర్వాలేదనుకుంటాం గానీ పెద్ద ముద్దలో పళ్లెం అన్నంలో ఉన్నన్ని కార్బ్స్ ఉంటాయి. మా ఊరి ఉగ్గాని ఇంకా గడుసుది. బొరుగులు తేలిగ్గా ఉంటాయి, షుగర్ మాత్రం రాకెట్టే. అందుకని దానికి తినడానికి పదిహేను నిమిషాల ముందే బోలస్, అంటే తిండికి వేసే డోసు, వేసుకుంటాను. బిర్యానీ తిన్నప్పుడు నూనె వల్ల షుగర్ ఆలస్యంగా లేస్తుంది. సగం డోసు ఇప్పుడు, మిగతా సగం రెండు మూడు గంటల పాటు పోయేలా పెట్టే సౌకర్యం ఉంది. పెన్నుతో అలా కుదరదు.

పంపుకి తెలియనివీ ఉన్నాయి. ఒకసారి భోజనం చేసి గంటలు గడిచినా 340 దగ్గరే ఉండిపోయింది. ఏ అలారమూ లేదు. బోలస్ పోయిందనే స్క్రీన్ చెప్తోంది. సెట్ పీకి చూస్తే కాన్యులా చర్మం కింద మడత పడి ఉంది. పంపులో లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఉండదు కాబట్టి సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. కారణం లేకుండా 250 దాటి, దించడానికి కరెక్షన్ డోసు వేసినా దిగకపోతే పంపుని నమ్మకుండా పెన్నుతో వేసుకుని, కొత్త సెట్ పెట్టుకుని, కీటోన్లు చూసుకోమని ఆసుపత్రిలో డయాబెటిస్ ఎడ్యుకేటర్ ముందే నేర్పింది. పెన్ను, గ్లూకోజ్ బిళ్లలు లేకుండా ఇప్పటికీ గడప దాటను.

తర్వాత పంపుకి షుగర్ కొలిచే సెన్సర్ కలిపాను. అది ఐదు నిమిషాలకోసారి రీడింగ్ పంపుతుంది, షుగర్ పడిపోబోతుంటే పంపు ముందే ఇన్సులిన్ ఆపేస్తుంది. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అందుకని షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొంచెం వెనకబడుతుంది. ఒంట్లో తేడాగా అనిపిస్తే వేలు గుచ్చుకునే చూసుకుంటాను. మెట్రోలో సెక్యూరిటీ ఆవిడ చెయ్యి పంపుకి తగిలినప్పుడల్లా "ఇదేను?" అంటుంది. నాకొచ్చిన కన్నడంలో సగం ఆ తెర వెనకే నేర్చుకున్నాను.

రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 నుంచి 7కి దిగింది. ఖర్చు మాత్రం దిగలేదు. పంపు కొనడం లక్షల్లో పని. ఆ తర్వాత సెట్లు, సెన్సర్లు నెలనెలా ఉండనే ఉంటాయి. నా పాలసీ కంపెనీ పైసా ఇవ్వలేదు. అందుకే సెన్సర్ అన్ని నెలలూ కొనను. డోసులు సర్దాల్సి వచ్చినప్పుడు, ఊరికి వెళ్లినప్పుడు, ఉగాదికి ఓళిగలు తినే వారం పెట్టుకుంటాను. మిగతా రోజుల్లో గ్లూకోమీటరే. పంపు వారంటీ నాలుగేళ్లు. కొత్తదాని కోసం ఈ జనవరి నుంచే ఆర్‌డీ కడుతున్నాను.