దోమపోటు మందుకు ఎందుకు లొంగడం లేదు

నాగావళి కాలువ కింద మా చిన్నాన్న సాగుచేసే వరిచేలో సుడిదోమ పడిన ప్రతి ఏడూ ఆయన నోట ఒకే మాట వింటాను: "దోమకి మందు అలవాటైపోయిందిరా." దుబ్బుల మొదళ్లలో చేరి రసం పీల్చే ఆ గోధుమరంగు పురుగు వల్ల చేతికొచ్చే పైరు సుడులు సుడులుగా ఎండిపోవడం చూసిన రైతు మాట అది. అయినా జీవశాస్త్రం చదువుకున్నవాడిగా నేను దానితో ఏకీభవించలేను.

తగిలిన మందుకు దోమ చస్తుంది, లేదా తట్టుకుంటుంది. ఆ తట్టుకొనే గుణం పిచికారీకి ముందే ఏ కొద్ది దోమల్లోనో ఉంటుంది. ఉదాహరణకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందును విరిచే ఒక ఎంజైము కొన్నింటిలో పుట్టుకతోనే ఎక్కువగా తయారవుతుంది. మిగిలినవన్నీ చనిపోయాక చేనంతా వీటిదే. ఒక్కో ఆడదోమ వందల గుడ్లు పెడుతుంది, సుమారు నెలకో తరం తయారవుతుంది కాబట్టి ఒక్క పంటకాలంలోనే గుంపు స్వభావం మారిపోతుంది. తట్టుకొనే మార్పులు ముందుగానే పుట్టి ఉంటాయని 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు బాక్టీరియా మీద చేసిన ప్రయోగం చూపింది. నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యం కలిగించే ప్రయోగం అది.

వంగడాల కథా ఇదే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో విడుదల చేసిన ఐఆర్ 26కు దోమను తట్టుకొనే ప్రధాన జన్యువు ఒకటే ఉండేది. కొన్నేళ్లకే ఆ వరి మీద కూడా బతకగల దోమలు ప్రబలాయి.

అందుకే పని చేయడం లేదని అదే మందును మోతాదు పెంచి మళ్లీ కొట్టడం నన్ను కలవరపెడుతుంది. దానివల్ల బలహీనమైన దోమలూ, వాటిని తినే సాలీళ్లూ పోయి, గట్టి దోమల సంతతికే చోటు దొరుకుతుంది.

ఈసారి ఉభాలప్పుడు చిన్నాన్న గాలీ వెలుతురూ ఆడేలా రెండు మీటర్లకొక కాలిబాట వదిలారు. మొన్న ఇద్దరం దుబ్బులను వంచి తట్టి, నీటి మీద రాలిన దోమలను లెక్కపెడుతుంటే, "ఇవి పోయినసారి బతికినవాటి పిల్లలేనేటిరా?" అని అడిగారు. కొన్ని అవే కావచ్చని, కానీ పొడవు రెక్కలవి మందు కొట్టని చేల నుంచి కూడా ఎగిరివచ్చి వీటితో జతకడతాయని, అప్పుడు మందుకు లొంగే గుణం మళ్లీ గుంపులో కలుస్తుందని చెప్పాను.