డేటా తీసుకోక ముందే అడగండి: వైజాగ్‌లో స్టూడెంట్ రీసెర్చ్ ఫోరం నడిపిన నా అనుభవం

మొదటి ఏడాది వైజాగ్ మెడికల్ స్టూడెంట్స్ మేం మా రీసెర్చ్ ఫోరం తరఫున పెట్టిన సదస్సు పైకి చూస్తే చాలా బాగా జరిగింది. హాలు నిండింది, గోడ పొడవునా విద్యార్థుల రీసెర్చ్ పోస్టర్లు వేలాడాయి, శ్రీకాకుళం, విజయనగరం, కాకినాడ నుంచి కూడా ఎంబీబీఎస్ పిల్లలు వచ్చారు, పులిహోర, పెరుగన్నం అందరికీ సరిపోయాయి. సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఒక పోస్టర్ దగ్గర జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సెకండ్ ఇయర్ అమ్మాయి పోస్టర్ అది. రెండు నెలల పాటు రోజూ క్లాసులు అయ్యాక ఓపీలో నిలబడి, షుగర్ ఉన్న రెండు వందల మందిని పాదాల గురించి ఎలా జాగ్రత్త పడుతున్నారని అడిగి రాసుకుంది. జడ్జిగా వచ్చిన కమ్యూనిటీ మెడిసిన్ మేడం మొత్తం ఓపిగ్గా చదివి, "ఎథిక్స్ అప్రూవల్ నంబర్ ఎక్కడమ్మా?" అని అడిగారు. అంటే స్టడీ మొదలుపెట్టే ముందు ఎథిక్స్ కమిటీ ఇవ్వాల్సిన అనుమతి. "ఇప్పుడు అప్లై చేస్తాం మేడం, పబ్లిష్ చేయాలంటే కావాలన్నారు" అంది ఆ అమ్మాయి. మేడం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మెల్లగా, "తీసేసుకున్న డేటాకి కమిటీ వెనక్కి వెళ్లి అనుమతి ఇవ్వదు తల్లీ. ఈ మాట నీకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆ అమ్మాయి ఏడవలేదు, కానీ పోస్టర్ చుట్టి రబ్బరు బ్యాండు వేసేటప్పుడు చేతులు వణకడం చూశాను.

ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చాక నిద్ర పట్టలేదు. ముందే చెప్పాల్సిన "ఎవరైనా" మేమే కదా అనిపించింది. ఫోరం పెట్టింది మేం, ఆ అమ్మాయి అబ్‌స్ట్రాక్ట్ (పని సారాంశం) తీసుకుని సెలెక్ట్ అయిందని మెసేజ్ పంపింది మేం. పని పూర్తయిపోయాక తప్పులు చూపించే రోజు ఒకటి ఏర్పాటు చేశాం, అంతే. పని మొదలవ్వక ముందు కూర్చోబెట్టి మాట్లాడే రోజు ఒక్కటి కూడా పెట్టలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 1979 నుంచి ఎస్‌టీఎస్ అని, మెడికల్ స్టూడెంట్స్ రెండు నెలల్లో చేయగల చిన్న ప్రాజెక్టుకి స్టైపెండ్ ఇచ్చే స్కీమ్ నడుపుతున్నారు. మాలో చాలామందికి రీసెర్చ్ అనే మాట పరిచయమయ్యేది దానితోనే. సెకండ్ ఇయర్‌లో నేనూ పంపాను, సెలెక్ట్ కాలేదు. ఏడాది తర్వాత అదే ప్రపోజల్ తీసి చదువుకుంటే కారణం నాకే అర్థమైంది: అందులో ప్రశ్నే లేదు, టాపిక్ ఒకటే ఉంది. "విశాఖలో రక్తహీనత" అన్నది టాపిక్. ఎవరిలో, ఏది కొలుస్తాను, దేంతో పోలుస్తాను, తేలాక దాంతో ఏం చేస్తాను అన్నవి రాయనే లేదు. అప్పట్లో ఒక సీనియర్ అక్క ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని ఉంటే ఆ నాలుగూ బయటపడేవి.

అందుకే రెండో ఏడాది సదస్సు కంటే ముందు నెలకో ఆదివారం ప్రోటోకాల్ (స్టడీ ఎలా చేస్తామో ముందే రాసుకునే ప్లాన్) మీటింగ్ పెట్టాలని నిర్ణయించుకున్నాం. రూల్ ఒకటే: పూర్తయిన పని తేకూడదు, ఇంకా మొదలుపెట్టని పనే తేవాలి, అదీ రెండు పేజీల్లో.

హాలు దొరకడం, అనుమతి లెటర్ మీద సంతకం కోసం మూడుసార్లు తిరగడం, మైకు, తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడం, ఇవి ఎక్కడైనా ఉండేవే. అసలు కష్టం టైమింగ్. విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు కాబట్టి అక్కడివాళ్లు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోగలరు. శ్రీకాకుళం దానికి దాదాపు రెట్టింపు, కాకినాడ ఇంకా దూరం, పాడేరు నుంచైతే ఘాట్ రోడ్డు మీద బస్సులో రావాలి. ఆడపిల్లలు చీకటి పడేలోపు హాస్టల్‌కి చేరాలి. మొదట్లో మేం పదింటికి మొదలుపెట్టి ఐదింటి దాకా సాగదీశాం, దాంతో రెండో నెలకి వైజాగ్ వాళ్లే మిగిలారు. తర్వాత పదిన్నర నుంచి రెండున్నర దాకా, నాలుగు ప్రోటోకాల్స్ మాత్రమే అని పెట్టి, దూరం నుంచి వచ్చినవాళ్లవి ముందు తీసుకోవడం మొదలుపెట్టాక జనం నిలిచారు. హెల్త్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలకి పరీక్షలు ఒకేసారి వస్తాయి, డీమ్డ్ యూనివర్సిటీ వాళ్లకి వేరే సమయంలో. ఆ రెండు టైమ్‌టేబుళ్లు పక్కపక్కన పెట్టుకుని చూడకుండా తేదీ వేస్తే సగం కుర్చీలు ఖాళీ.

ఇంకో మార్పు కూడా చేశాం, అది చిన్నదే అయినా మీటింగ్ మొత్తాన్ని మార్చేసింది. మొదటి మీటింగుల్లో ప్రోటోకాల్ చదవగానే ఫ్యాకల్టీ తరఫున వచ్చే సార్ మాట్లాడేవారు, ఆయన మాట్లాడాక ఇంకెవరూ నోరు విప్పేవారు కాదు. సార్ తప్పు కాదు, మనకి అలవాటు అది, పెద్దవాళ్లు చెప్పాక చిన్నవాళ్లు ఏం చెబుతారు? అందుకని ముందు ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ పిల్లలు, తర్వాత మేం, తర్వాత పీజీలు, చివర్లో ఫ్యాకల్టీ అని వరస పెట్టి, సార్‌ని అడిగితే "మంచిదే, నేనూ వింటాను" అన్నారు. ఫస్ట్ ఇయర్ కుర్రాడు ఒకడు మొదటి రోజే "అక్కా, ఓపీకి వచ్చినవాళ్లనే అడిగితే, అసలు ఆసుపత్రికి రానివాళ్ల సంగతి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. సెలెక్షన్ బయాస్ (ఎవరిని ఎంచుకున్నామన్న దాన్నిబట్టి జవాబు ఒక వైపు ఒరిగిపోవడం) అనే పేరు వాడికి తెలియదు, విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు.

శాంపిల్ సైజ్, అంటే ఎంతమందిని తీసుకోవాలి అన్న దగ్గర అందరం ఒకే చోట ఆగిపోయేవాళ్లం. "వంద తీసుకుంటాం" అంటారు. ఎందుకు వంద అంటే జవాబు ఉండదు. మా పీజీ అక్క బోర్డు మీద లెక్క వేసి చూపించేది: సమస్య ఎంతమందిలో ఉందో తెలియనప్పుడు 50 శాతం అనుకుని, ఐదు శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే 384 మంది కావాలి, పది శాతం ఒప్పుకుంటే 96 చాలు. "కానీ పది శాతం అంటే నీ జవాబు నలభై కావచ్చు, అరవై కావచ్చు. అంత తేడాతో వచ్చిన జవాబు నీకు పనికొస్తుందా? అది ముందు చెప్పు" అనేది. ఫార్ములా పుస్తకంలో అందరం చదివాం, ఈ ప్రశ్న మాత్రం ఆ హాల్లోనే మొదటిసారి విన్నాం.

ఒక కుర్రాడు ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం కనిపెడతానని ప్రోటోకాల్ తెచ్చాడు. వాళ్లది కవిటి వైపు ఊరు, ఇంట్లో వాళ్లకే ఉంది జబ్బు. ఎన్నో ఏళ్లుగా ఎందరో పరిశోధకులు నీళ్లు, మట్టి, పురుగుమందులు, ఎండలో పని ఇవన్నీ చూసినా ఇదీ కారణం అని గట్టిగా తేలని విషయం అది. రెండు నెలల్లో అవ్వదు అని చెప్పడం తేలికే, కానీ ఆ అబ్బాయి ముఖం చూశాక అలా చెప్పి పంపించేయడానికి ఎవరికీ మనసు రాలేదు. నలభై నిమిషాలు మాట్లాడాం. చివరికి వాడే అన్నాడు, మా మావయ్య డయాలసిస్‌కి వెళ్లిన రోజు కూలి పోతుంది, తోడు వెళ్లినవాళ్ల కూలీ పోతుంది అని. ఆ మాటే ప్రశ్న అయింది: డయాలసిస్‌కి వచ్చే కుటుంబానికి ప్రయాణానికి, పోయిన కూలికి కలిపి నెలకి ఎంత ఖర్చవుతోంది? ఇది ఒక విద్యార్థి చేయగలడు, చేసి ఎవరికైనా చూపించగలడు. నాకు ఫోరం మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

శ్రీకాకుళం అమ్మాయి మళ్లీ వచ్చింది. నిజంగా రాదనుకున్నాను. అదే విషయం, ఈసారి డేటా తీసుకోక ముందు. మాలో సగం మందికి "ప్రశ్నలే కదా అడిగేది, రక్తం తీయట్లేదు కదా, ఎథిక్స్ ఎందుకు" అనే అపోహ ఉండేది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, పూర్తి రివ్యూ కావాలా, త్వరగా అయ్యే రివ్యూ చాలా, అసలు మినహాయింపు ఇవ్వొచ్చా అన్నది తేల్చేది కూడా కమిటీయే. మనకి మనం మినహాయింపు ఇచ్చుకోకూడదు. ఇది అందరి చేతా గట్టిగా చదివించాం.

తర్వాత మేం ఎక్కువ కాలం గడిపింది కన్సెంట్ ఫారం (రోగి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాయితం) తెలుగు మీద. ఆ అమ్మాయి తెచ్చిన ఫారంలో "ఈ అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు నా సమ్మతిని తెలియజేయుచున్నాను" అని ఉంది. ఎక్కడిదంటే పాత థీసిస్ లోంచి తీసుకున్నదే. కమిటీ అనుమతి వచ్చాక పది మందితో ట్రయల్ చేసినప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. ఒక ముసలమ్మ కాయితం చేతిలో పెట్టుకుని, "ఏటమ్మా ఇది, కాలు తీసేస్తారేటి?" అని అడిగింది. ఆమెకి తెలిసిన సంతకం కాయితం ఆపరేషన్‌దే. మేం చదివి వినిపించింది ఆమెకి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు, అయినా వేలిముద్రకి బొటనవేలు చాపింది, ఎందుకంటే అడిగింది తెల్లకోటు వేసుకున్నవాళ్లు. ఆ వేలు చూసి నాకు భయం వేసింది. ఇలా ఎన్ని ఫారాల మీద వేలిముద్రలు తీసుకుని ఉంటాం?

ఆ వారమంతా కూర్చుని తిరగరాశాం. "నేను డాక్టరు చదువు చదువుతున్నాను. షుగరున్నవాళ్లు కాళ్లు ఎలా చూసుకుంటున్నారో తెలుసుకుంటున్నాను. పావుగంట పడుతుంది. మందు ఇవ్వను, సూది వేయను. మీకిష్టం లేకపోతే వద్దనండి, మీ వైద్యం ఏమీ మారదు. మధ్యలో ఆపేయాలన్నా ఆపేయొచ్చు." చదువురానివాళ్లయితే మాకు సంబంధం లేని సాక్షి ఎదురుగా చదివి వినిపించి, ఆ సాక్షి సంతకం కూడా తీసుకోవాలి. వైజాగ్ పెద్దాసుపత్రులకి ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు కాబట్టి ఒడియా వచ్చిన జూనియర్‌తో ఆ భాషలోనూ రాయించాం.

ప్రశ్నల్లోనూ ఇలాంటిదే దొరికింది. "మీరు రోజూ పాదాలు పరీక్షించుకుంటారా?" అంటే చాలామంది "లేదమ్మా, డాక్టరు గారు ఇంకా పరీక్ష రాయలేదు" అన్నారు. పరీక్ష అంటే వాళ్లకి రక్తపరీక్షే. "రోజూ కాళ్లు తిప్పి, కింద పుండ్లు గానీ పగుళ్లు గానీ ఉన్నాయేమో చూసుకుంటారా?" అని మార్చగానే జవాబులు మారిపోయాయి. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "అక్కా, పోయినేడాది రెండు వందల మందినీ పాత ప్రశ్నే అడిగాను" అంది. ఆ డేటా అప్రూవల్ ఉన్నా పనికొచ్చేది కాదన్నమాట. మార్చిన ఫారాలు, ప్రశ్నలు మళ్లీ కమిటీకి పంపి, వాళ్లు సరే అన్నాకే అసలు డేటా మొదలుపెట్టింది.

పేర్ల గొడవ గురించి క్లుప్తంగా చెప్తాను. పని చేయనివాళ్ల పేరు పేపర్ మీద చేర్చాల్సి రావడం, పని చేసిన జూనియర్ పేరు ఆఖరికి జారిపోవడం చాలాచోట్ల ఉంది, నాకూ ఒకసారి జరిగింది. పెద్దవాళ్లతో చివర్లో వాదించలేం. అందుకే ప్రోటోకాల్ మీటింగ్‌లోనే ఒక కాయితం మీద ఎవరు ఏ పని చేస్తారు, పేర్లు ఏ వరసలో అని రాసి గైడ్‌తో సహా అందరూ సంతకం పెట్టడం మొదలుపెట్టాం. పని మొదలవ్వకముందు అడిగితే ఎవరూ నొచ్చుకోలేదు.

రెండో ఏడాది సదస్సుకి అబ్‌స్ట్రాక్టులు మొదటి ఏడాదిలో సగమే వచ్చాయి. మా ఫోరం నడిపేవాళ్లలో కొందరికి దిగులేసింది, నాకు వేయలేదు. ప్రతి పోస్టర్ మీద పైనే అప్రూవల్ నంబర్ ఉంది. మార్కులు వేసేవాళ్లకి కాలేజీ పేరు తెలియకూడదని పేర్లు తీసేసి పంపాం, అయినా ఫైల్ పేర్లలో కాలేజీలు ఉండిపోయాయని ఆఖరి రోజు చూసుకుని, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అన్నీ మార్చాం. ఫార్మా కంపెనీ డబ్బు వద్దనుకున్నాం కాబట్టి జ్ఞాపికలు లేవు, సర్టిఫికెట్ మామూలు కాగితం మీదే. ఎవరూ అడగలేదు.

శ్రీకాకుళం అమ్మాయికి ప్రైజ్ రాలేదు. కానీ సదస్సు అయిన రెండు వారాలకి నాకు ఒక ఫోటో పంపింది. డేటా తీసుకునేటప్పుడు ఒకాయన, "నీ రాతల్లో ఏటి తేలిందో మాకూ చెప్తావా?" అని అడిగాడట. డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకుని, తేలిన విషయాలు పెద్ద అక్షరాలతో ఒక పేజీ తెలుగులో రాసి ఓపీ బయట గోడకి అంటించింది. ఫోటోలో ఒక కుర్రాడు పైకి చదువుతున్నాడు, పక్కన బెంచీ మీద నలుగురు వింటున్నారు, అందులో ఒకామె చెప్పు విప్పి అరికాలు తిప్పి చూసుకుంటోంది.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్‌ని, ఫోరం రిజిస్టరు, తాళంచెవి జూనియర్లకి అప్పగించేశాను. వచ్చే నెల మీటింగ్‌కి పాడేరు నుంచి ఇద్దరు వస్తున్నారట, వాళ్లది మొదట తీసుకోమని చెప్పాను.