నా అనుభవం: ఎస్ప్రెస్సో మెషీన్ కొందామని బయల్దేరి తిరగలి దగ్గర తేలాను

ఇవాళ పొద్దున్న 6:40కి మా వంటింట్లో 15 గ్రాముల పొడికి 28 సెకన్లలో 31 గ్రాముల కాఫీ దిగింది. ముందు నల్లగా రెండు చుక్కలు, తర్వాత ముదురు తేనె రంగులో సన్నటి ధార, ఎక్కడా తెగలేదు. మెషీన్ ముందున్న ప్రెషర్ మీటర్ ముల్లు 9 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర నిలబడింది. నాలుగు నెలలు పట్టింది నాకు ఈ 28 సెకన్లకి. ఇంట్లోకి ఎస్ప్రెస్సో (వేడి నీళ్ళని ప్రెషర్‌తో పొడిలోంచి తోసి తీసే చిక్కటి కాఫీ) మెషీన్ కొందామనుకునే వాళ్ళకి షాపుల్లో చెప్పని విషయం ఒకటుంది, అది తెలుసుకోడానికి నాకు డబ్బూ ఖర్చయింది, నలుగురిలో మాటా పడాల్సొచ్చింది, అందుకే కప్పు చల్లారకముందే రాసేస్తున్నా.

మాది విశాఖపట్నం. 22 ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నా. ఇంట్లో ఎప్పుడూ ఫిల్టర్ కాఫీయే, మా వాళ్ళందరిలో నా చేతి కాఫీకి పేరుంది, ఇది గొప్పకి చెప్పట్లేదు, పెళ్ళిళ్ళకి వెళ్ళినా నన్నే డికాక్షన్ దగ్గర కూర్చోబెడతారు. పోయిన వేసవిలో బెంగళూరులో మా అబ్బాయి ఒక కాఫీ షాపుకి తీసుకెళ్ళి అరచేతిలో ఇమిడే కప్పులో ఎస్ప్రెస్సో ఇప్పించాడు. అడిగితే అరకు గింజ అన్నారు. మా ఊరినుంచి మూడు నాలుగు గంటల్లో చేరుకునే కొండల మీద, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగ పాకించి ఆ నీడలో గిరిజనులు పండించే అరబికా అది, 2019లో జీఐ (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అన్నేళ్ళు దాన్ని చికోరీ కలిపి తాగాను, ఒట్టి గింజ రుచి ఇలా ఉంటుందని నాకు తెలీదు. నాలుక మీద పది నిమిషాలు ఉండిపోయింది. అదే ఇంట్లో చేసుకోవాలని పట్టుపట్టాను.

ఏం కొనాలి అన్నదానికి పెద్దగా టైం పట్టలేదు. పొయ్యి మీద పెట్టుకునే మోకా పాట్ అన్నారు కొందరు, 1933లో ఇటలీలో బియాలెట్టి తెచ్చింది, చవక, గట్టిది, కాఫీ కూడా బాగుంటుంది, కానీ అందులో వచ్చే ప్రెషర్ ఒకటి ఒకటిన్నర బార్, ఎస్ప్రెస్సోకి 9 కావాలి. ఒక్కో కప్పుకి సరిపడా పొడి నింపిన చిన్న డబ్బాలతో నడిచే పాడ్ మెషీన్ వద్దనుకున్నా, అరకు పక్కన ఉండి సిరా బుడ్డి సైజు డబ్బాలో పొడి కొనుక్కోడం నా మనసుకి ఎక్కలేదు. న్యూజెర్సీలో ఉన్న మా మరిది దీపావళికి వస్తూ తెస్తానన్నాడు. నేనే వద్దన్నా, అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ 230లో పెడితే కాలిపోతుంది, పదిహేను వందల వాట్లకి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే అది మెషీన్ కంటే బరువుంటుంది. అమెరికా నుంచి ఎవరైనా ప్రేమగా తెస్తామంటే ముందు వెనక వైపు స్టిక్కర్ ఫొటో పంపమనండి. మా అబ్బాయి గాజియా క్లాసిక్ అనే మెషీన్ తీసుకోమన్నాడు, 58 మిల్లీమీటర్ల బాస్కెట్ (పొడి వేసే జల్లెడ గిన్నె), కాఫీ షాపుల్లో వాడే సైజు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది అన్నాడు. అది నా బడ్జెట్ కాదు. చివరికి 51 మిల్లీమీటర్లది, ముందువైపు ప్రెషర్ మీటర్ ఉన్నది, 24 వేలు పెట్టి షోరూంలో కొన్నా.

షోరూంలో అబ్బాయి నేను అడిగిన ప్రతిదానికీ మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. "సార్, ఇది 20 బార్, పక్కది 15 బారే" అని. 9 బార్లే కావాలి కదా, 20 ఎందుకు అని అడిగితే "ఎక్కువుంటే మంచిదే కద మేడం" అన్నాడు. అది పంపు గరిష్టంగా కొట్టగలిగే లెక్క, కాఫీ మీద పడే ప్రెషర్ కాదు. సరే, అక్కడ వాదించలేదు.

మొదటి రోజు డబ్బాలో వచ్చిన బాస్కెట్ వేసి సూపర్‌మార్కెట్ కాఫీ పొడితో చేశా. పైన ఇంత మందాన నురగ. ఇంట్లో అందరూ అబ్బో అన్నారు. తాగితే కింద చప్పటి చేదు నీళ్ళు. ఆ నురగ ఎలా వస్తుందంటే, ఆ బాస్కెట్‌కి రెండు గోడలుంటాయి, బయటి గోడకి సూది మొనంత ఒక్కటే బొక్క, లోపల ఏ పొడి వేసినా ఆ బొక్కలోంచి చిమ్మినప్పుడు గాలి కలిసి నురగ కడుతుంది. అసలు క్రీమా అది కాదు. మిలాన్‌లో గాజియా అనే ఆయన 1938లో పేటెంట్ తీసుకుని, తర్వాత లీవర్ మెషీన్‌తో ప్రెషర్ పెంచితే కాఫీ లోపలి నూనె, గ్యాసు కలిసి పైకి తేలింది చూశారూ, అదీ క్రీమా. మా అబ్బాయి ఫోన్లో "అమ్మా, ఆ డబల్ వాల్ తీసేసి ఒంటి గోడ బాస్కెట్ వెయ్యి" అన్నాడు. వేశా. 9 సెకన్లలో కప్పు నిండిపోయింది, బెల్లం నీళ్ళలాగా. మీటర్ ముల్లు 2 దాటలేదు. నాలుగు రోజులు చూసి సర్వీసుకి కంప్లైంట్ పెట్టా, ప్రెషర్ రావట్లేదని.

ఇక్కడే అసలు సంగతి. సర్వీసు వాళ్ళు మూడుసార్లు తేదీ మార్చి చివరికి ఒక ఆదివారం పంపించారు. ఆ రోజు మా ఆడపడుచు కుటుంబమంతా భోజనానికి వచ్చి ఉన్నారు. పాతికేళ్ళ కుర్రాడు, వచ్చీ రాగానే పొడి తీసేసి ఒట్టి బాస్కెట్ పెట్టి బటన్ నొక్కాడు, నీళ్ళొచ్చాయి, "పంపు ఓకే" అన్నాడు. ఒట్టి బాస్కెట్‌లో ప్రెషర్ ఎందుకుంటుంది బాబూ, అడ్డం ఉంటేనే కదా ప్రెషర్ అన్నా. వినలేదు. ఆ రెండు గోడల బాస్కెట్ పెట్టి మళ్ళీ నొక్కాడు, ముల్లు లేచింది. "చూశారా, మెషీన్‌లో ఏం లేదు. ఏ పొడి వేశారు?" అన్నాడు. చూపించా. వాసన చూసి, నాతో కాదు, హాల్లో కూర్చున్న మావారితో "సార్, ఇది ఫిల్టర్ కాఫీ తాగే ఇళ్ళకి సెట్ అవ్వదు. మేడం గారికి యూట్యూబ్‌లో వీడియోలు ఉంటాయి, ఒకసారి చూపించండి" అన్నాడు. హాల్లో పదకొండు మంది ఉన్నారు. మా ఆడపడుచు అత్తగారు కూడా ఉన్నారు. జాబ్ షీట్‌లో 'మెషీన్ ఓకే, కస్టమర్‌కి వాడటం తెలీదు' అని రాసి నన్నే సంతకం పెట్టమన్నాడు. మెషీన్‌లో లోపం లేదు కాబట్టి వారంటీ ఉన్నా విజిటింగ్ ఛార్జి కట్టాలట, 590 రూపాయలు. మావారు మాట్లాడకుండా ఫోన్ తీసి కట్టేశారు. ఆయన్ని తప్పుపట్టట్లేదు గానీ, ఒక్క మాట అనుండాల్సింది, ఆవిడ ఫిజిక్స్ లెక్చరర్ బాబూ అని. నేను సంతకం పెట్టలేదు. ఆ కాగితం ఫ్రిజ్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. "ఎందుకొదినా ఈ గొడవ, నీ ఫిల్టర్ కాఫీయే బంగారం" అంది మా ఆడపడుచు, మంచిగానే అంది, కానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నిజం చెప్పాలంటే మెషీన్ బాగుందన్నది కరెక్టే. ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్పడం అతని పని, అది చెప్పలేదు. పంపు నీళ్ళని తోస్తుంది అంతే. 9 బార్ అంటే సుమారు 90 మీటర్ల ఎత్తు నీటి స్తంభం అడుగున ఉండే ప్రెషర్, అది పుట్టేది ఆ 15 గ్రాముల పొడి నీళ్ళకి అడ్డుపడితేనే. పొడి గరుకుగా ఉంటే నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి, మీరు 20 బార్ మెషీన్ కొనండి, 40 బార్ కొనండి, ముల్లు లేవదు. ఈ ఒక్క ముక్క షోరూంలో చెప్పుంటే నాకు ఆ ఆదివారం ఉండేది కాదు.

మర్నాటి నుంచి నోటుబుక్ పెట్టా. తేదీ, ఏ పొడి, ఎన్ని గ్రాములు, ఎన్ని సెకన్లు, ముల్లు ఎక్కడ, రుచి. దశాంశం చూపించే చిన్న కాటా కొన్నా, 600 రూపాయలు. అరకు గింజలు తెచ్చి మిక్సీ చిన్న జార్‌లో వేశా. ఒకసారి 11 సెకన్లు, ఇంకోసారి అదే తూకానికి 50 సెకన్లయినా చుక్క దిగలేదు, పుల్లగానూ ఉంది చేదుగానూ ఉంది. ఏమిటీ మాయ అని తల పట్టుకుంటే మా అత్తయ్యగారు, ఆవిడది శ్రీకాకుళం వైపు, 78 ఏళ్ళు, జార్‌లో వేలు పెట్టి నలిపి చూసి "మిక్సీలో కొడితే రవ్వా పిండీ కలిసొస్తాదమ్మా. తిరగట్లో ఇసరాల" అన్నారు. అంతే. బ్లేడు నరుకుతుంది, తిరగలి నలుపుతుంది. బర్ గ్రైండర్ అని వీళ్ళు వేలకి వేలు పెట్టి అమ్మేది తిరగలే, రెండు పళ్ళ చక్రాలు, మధ్య సందు ఎంత పెడితే పొడి అంత. నలుగురిలో ఒక్కరూ చెప్పలేని సంగతి ఆవిడ వేలికొసలతో చెప్పారు.

గ్రైండర్ కొనేముందు పూర్ణా మార్కెట్ వైపు ఒక కాఫీ పొడి షాపులో అడిగా, పెద్దాయన ఓపిగ్గా మిషన్ బిగించి ఎంత సన్నగా వస్తే అంత ఆడించి ఇచ్చాడు. 17 సెకన్లు, ముల్లు 5. సంతోషించా. వారం తిరక్కుండా అదే పొడి 12 సెకన్లకి వచ్చేసింది. పొడి చేశాక గ్యాసు త్వరగా పోతుంది, అడ్డం తగ్గిపోతుంది. అందుకని ఎస్ప్రెస్సోకి ముందే ఆడించిన పొడి పనికిరాదు, ఏ కప్పుకా కప్పు విసురుకోవాల్సిందే. తర్వాత చవకది ఒక చేతి గ్రైండర్ కొని ఆ డబ్బు కూడా పోగొట్టుకున్నా, దాంట్లో సందు మార్చే మర ఒక క్లిక్ తిప్పితే 14 సెకన్లు, పక్క క్లిక్‌కి మొత్తం మూసుకుపోయేది, మధ్యలో ఏమీ లేదు. ఎన్ని క్లిక్కులున్నాయని కాదు, ఒక్కో క్లిక్‌కి చక్రం ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కదులుతుంది అని అడగండి. ఇప్పుడు వాడుతున్నది కింగ్రైండర్ కె6, క్లిక్‌కి 16 మైక్రాన్లు. 15 గ్రాములు విసరడానికి నిమిషం దాటుతుంది, చెయ్యి లాగుతుంది, అయినా పర్లేదు. పొడి ఎలా ఉండాలంటే వేళ్ళ మధ్య మెత్తటి ఉప్పులా తగలాలి, నొక్కితే ముద్దలా నిలబడాలి, మైదాలా జారకూడదు.

మీరు కొనేటట్టయితే, చేతిలో 35 వేలుంటే 12 వేలు గ్రైండర్‌కి తీసి పక్కన పెట్టి మిగతాదాంతో మెషీన్ చూడండి, షోరూంలో అడిగితే దీనికి రివర్సులో చెప్తారు, వాళ్ళ దగ్గర గ్రైండర్ ఉండదు కాబట్టి. ఒంటి గోడ బాస్కెట్ డబ్బాలో ఉందో లేదో తెరిపించి చూడండి. మీటర్ ఉన్నదే తీసుకోండి, అది లేకపోతే నేనిప్పటికీ పంపునే తిట్టుకుంటూ ఉండేదాన్ని. 20 బార్ స్టిక్కర్ చూడకండి. ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ లేని గింజ కొనకండి, నాకు పదో రోజు నుంచి నెల లోపు బాగుంటోంది. చికోరీ కలిపిన పొడి పొరపాటున కూడా వద్దు, జిగురులా పట్టేసి జల్లెడ మూసుకుపోతుంది, అది మన ఇత్తడి ఫిల్టర్‌లోనే అందం. నీళ్ళు కూడా చూసుకోండి, మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 640, అవే పోస్తే లోపల సున్నం కట్టి మెషీన్ త్వరగా పోతుంది, ఒట్టి ఆర్ఓ నీళ్ళకేమో రుచి రాదు, రెండూ కలిపి 150 దగ్గర ఉండేలా పోస్తున్నా. ప్లగ్గు మాత్రం గీజర్‌కి వాడే 16 ఆంపుల సాకెట్‌లోనే పెట్టండి.

మా అత్తయ్యగారు పొద్దున్న రెండు గుక్కలు తాగి "కషాయంలాగుంది గానీ ఎనకాల తీపుంది" అని, పాలు పోయించుకున్నారు. గ్లాసు ఖాళీ అయింది.

ఇవాళ్టి షాట్ వీడియో, ముల్లు 9 దగ్గర ఉన్న ఫొటో, నోటుబుక్‌లో నాలుగు నెలల పేజీలు కలిపి సర్వీసు వాళ్ళకి మెయిల్ పెట్టాను. 590 వెనక్కి అడగలేదు. జాబ్ షీట్‌లో ఆ ఒక్క వాక్యం తీసేసి, పొడి గరుకుదనం వల్ల ప్రెషర్ రాలేదని రాసి ఇమ్మన్నాను. గంటలోనే జవాబొచ్చింది, మీ కంప్లైంట్ ఇదివరకే క్లోజ్ అయిందని. మళ్ళీ పెట్టాను.