ఏడో సిలిండర్ మిస్‌ఫైర్: దొంగ దొరికాడు

ఏడో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడానికి (మిస్‌ఫైర్) కారణం సోలనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచే చిన్న వాల్వు) కాదు, లిఫ్టరే (కామ్‌షాఫ్ట్ తోపును వాల్వుకు అందించే ముక్క)! ఊహ కాదు, కొలిచి చెబుతున్నా. అందుకే ఇంత సంబరం.

బండిది ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్. ఇంధనం ఆదాకు, లోడు తగ్గగానే 1, 4, 6, 7 సిలిండర్లు వాటంతట అవే ఆగిపోతాయి: సోలనాయిడ్ పంపిన ఆయిల్ ప్రెషర్‌కి లిఫ్టర్‌లోని లాక్ పిన్ లోపలికి పోతుంది, ఇక వాల్వు తెరుచుకోదు. ఇంజిన్ బాగా వేడెక్కాక నాలుగు నుంచి ఎనిమిదికి వచ్చేటప్పుడు ఏడోది లేవదు. ఇన్‌టేక్‌లోంచి (గాలి లోపలికి వచ్చే దారి) టప్ టప్‌మని ఎదురు తన్నుతుంది, ఏడో సిలిండర్ మిస్‌ఫైర్ అని చెప్పే పీ0307 కోడ్ పడుతుంది. చల్లారాక స్టార్ట్ చేస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. పిచ్చెక్కించింది.

ప్లగ్గు, కాయిల్ అటూ ఇటూ మార్చినా మిస్‌ఫైర్ ఏడులోనే ఉంది. మెకానికల్ గేజ్ పెడితే వేడి మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 29 పీఎస్‌ఐ, బాగానే ఉంది. నాలుగు సోలనాయిడ్లూ చల్లగా 12.2 ఓమ్‌ల దగ్గర, వేడిగా 15 దగ్గర ఉన్నాయి. రాగి తీగకు డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరగాలి కాబట్టి లెక్క సరిపోయింది.

తికమక పెట్టింది కంప్రెషన్. తప్పు బయటపడగానే ఇంజిన్ ఆపి, వేడి మీదే చూస్తే ఏడులో 172 పీఎస్‌ఐ, మిగతావాటితో సమానం. కానీ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోకపోయినా ఆ అంకె తగ్గదు! గాలి ఇన్‌టేక్ నుంచి వస్తుంది, నలుగుతుంది, బయటికి దారి లేక మళ్లీ నలుగుతుంది. అందుకే ప్లగ్గు రంధ్రంలో ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడిని కరెంటు సంకేతంగా మార్చే సెన్సార్) బిగించి, ఆ సంకేతాన్ని గీతగా చూపే పికోస్కోప్‌లో చూశా. క్రాంక్ రెండు చుట్లకు, అంటే 720 డిగ్రీలకు ఒక్క శిఖరం రావాల్సిన చోట రెండు, రెండోది కాస్త పొట్టి. ఆ గీత చూడగానే ఎగిరి గంతేశా. ఇలాంటి చోట స్కోప్ చెప్పేది స్కానర్ ఎన్నటికీ చెప్పదు.

అయినా వాల్వ్ కవర్ తీసి, కదలిక కొలిచే డయల్ ఇండికేటర్ పెట్టా. సోలనాయిడ్ కనెక్టర్ ఊడదీసి, ప్రెషర్ సున్నాకి దిగాక క్రాంక్‌ని చేత్తో తిప్పితే ఇన్‌టేక్ రాకర్ (వాల్వును నొక్కే మీట) దగ్గర కదలిక 12 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 0.3 మాత్రమే. సిలిండర్‌కు సోలనాయిడ్ ఒక్కటే, అది రెండు లిఫ్టర్లకూ ఆయిల్ పంపుతుంది. ఒకటి లేచి ఒకటి పడి ఉంది, పైగా ప్రెషరే లేదు. అంటే లాక్ పిన్ లోపలే ఇరుక్కుంది. పిన్ అంచు అరిగి, వేడికి సందు బిగుసుకుంటోందని నా అనుమానం. విప్పితే గానీ తేలదు.

ఓబీడీ పోర్టులో (స్కానర్ తగిలించే చోటు) పెట్టే డిసేబులర్ల మీద నాకు నమ్మకం లేదు. సిలిండర్లు ఆగకుండా చూస్తాయి గానీ అరిగిన పిన్‌ను బాగుచెయ్యవు. ఆయిల్‌లో పోసే మందులు అసలే వద్దు.

ఇక హెడ్లు దించాల్సిందే, ఈ ఇంజిన్‌లో లిఫ్టర్లు వేరే దారిన రావు. అంత విప్పాక ఒక్కటి మార్చి ఊరుకోను, ఆగే సిలిండర్ల ఎనిమిది లిఫ్టర్లూ, గైడ్‌లూ కొత్తవి. సోలనాయిడ్ల ఫిల్టర్ జాలీ కూడా. హెడ్ బోల్టులు సాగే రకం, పాతవి మళ్లీ వెయ్యను. ముందుగా ఏడో ఎగ్జాస్ట్ కామ్ లోబ్ (కామ్‌షాఫ్ట్ మీద లిఫ్టర్‌ను తోసే ఉబ్బు) మీద గోరు పెట్టి రాసి చూస్తా. గీత తగిలిందా, కామ్‌షాఫ్ట్ కూడా బయటికే. అప్పుడిక సిలిండర్లు ఆగని మామూలు కామ్ వేద్దామా అన్న ఆలోచన కూడా గట్టిగానే ఉంది.